ఒకే తెర ముందు నలభై రోజులు: 2009 డిసెంబర్‌లో తెలుగు న్యూస్ చానళ్లు, నాయకులు, జనాభిప్రాయం

కేస్ పరిధి

ప్రత్యేక తెలంగాణ కోసం ఆమరణ నిరాహార దీక్షకు సిద్దిపేట బయలుదేరిన కె. చంద్రశేఖర రావును 2009 నవంబర్ 29న కరీంనగర్ శివార్లలోని అలుగునూరు దగ్గర పోలీసులు అరెస్టు చేశారు. ఒక చానల్ ప్రసారం చేసిన కథనాన్ని చూసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జనం దుకాణాలపై దాడులకు దిగిన రాత్రి 2010 జనవరి 7. ఈ రెండు తేదీల మధ్య ఉన్న నలభై రోజులనే ఈ కేస్‌కు పరిధిగా తీసుకున్నాను. ఈ వ్యవధిలో కేంద్ర ప్రభుత్వం ఒక పెద్ద నిర్ణయాన్ని అర్ధరాత్రి ప్రకటించి, రెండు వారాలు తిరిగేసరికి దానిని పక్కన పెట్టింది. వందమందికి పైగా శాసనసభ్యులు రాజీనామా లేఖలు రాశారు. ఒక గవర్నర్ పదవి వదులుకున్నారు. వీటన్నిటికీ చానళ్లే కారణమని నేను అనను. అయితే ఈ సంఘటనల్లో ప్రతి ఒక్కటీ ఒక లైవ్ తెర ముందే జరిగింది, ఆ తెర లేకపోతే జరిగిన వేగంతో, జరిగిన వరుసలో జరిగేది కాదు.

ఆ రోజుల్లో నేను హైదరాబాద్‌లో ఒక చానల్‌లో, వార్తలను తెర మీదికి పంపే అవుట్‌పుట్ డెస్క్‌లో పనిచేసేవాణ్ని. ఇప్పుడు కొత్తగా చేరే సబ్ ఎడిటర్లకు శిక్షణ ఇచ్చే సందర్భాల్లో ఈ కేస్‌నే ఎంచుకుంటాను. చానళ్లు జనం మనసు మారుస్తాయనీ, చానల్ ఎవరి చేతిలో ఉంటే జనాభిప్రాయం వారి వైపు ఒరుగుతుందనీ మన రాజకీయ వర్గాల్లో పాతుకుపోయిన నమ్మకాన్ని పరీక్షించడానికి ఇంతకంటే తగిన సందర్భం తెలుగునాట మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ నలభై రోజుల్లో చానళ్లు జనాభిప్రాయాన్ని మార్చిన దాఖలా నాకు పెద్దగా కనిపించదు. నాయకులు ఆలోచించుకోవడానికి ఉండే గడువును మాత్రం అవి మింగేశాయి.

అప్పటి చానళ్ల పరిస్థితి

2003 చివర్లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చిన తర్వాత కొన్నేళ్లు తెలుగు వార్తా చానళ్ల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండేది. 2007లో ఎన్‌టీవీ, టీవీ5 వచ్చాయి. 2009 ఒక్క ఏడాదిలోనే సాక్షి టీవీ, హెచ్‌ఎంటీవీ, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు మొదలుపెట్టాయి. అప్పటికి కేబుల్ ఇంకా అనలాగ్‌లోనే ఉంది. ఒక తీగ మీద వందకు మించి చానళ్లు పట్టవు, వాటిలోనూ బొమ్మ శుభ్రంగా కనిపించే బ్యాండ్లు తక్కువ. అందువల్ల ఎంఎస్‌వోలకు, అంటే కేబుల్ పంపిణీ సంస్థలకు, క్యారేజ్ ఫీజు కట్టి చోటు సంపాదించుకోవడమే కొత్త చానల్‌కు మొదటి ఖర్చు, తరచుగా అతి పెద్ద ఖర్చు కూడా. ఆ ఖర్చు ప్రకటనల మీద రాబట్టాలి, ప్రకటనలు రేటింగుల మీద వస్తాయి. రేటింగులు కొలిచే టామ్ సంస్థ మీటర్లు పట్టణాల్లోనే ఉండేవి. పల్లెల్లో ఎవరు ఏం చూస్తున్నారో ఆ లెక్కలో పడేది కాదు. ఉద్యమం ప్రధానంగా పల్లెల్లో, విశ్వవిద్యాలయాల్లో నడుస్తున్న కాలంలో, చానళ్ల ఆదాయం మాత్రం పట్టణాల్లోని కొన్ని ఇళ్ల మీటర్ల మీద ఆధారపడి ఉందన్న సంగతి ఈ కేస్ చదివేవారు గుర్తుంచుకోవాలి.

రేటింగులు వారానికి ఒకసారి వచ్చేవి కనుక రోజువారీ పనిలో డెస్క్‌కు దారి చూపింది అవి కావు. మా ఎదురుగా గోడ నిండా మానిటర్లు ఉండేవి, వాటిలో పోటీ చానళ్లన్నీ నడుస్తూ ఉండేవి. పక్క చానల్‌లో ఎర్ర ప్లేటు, అంటే వార్త రాసిన పట్టీ, పడిందంటే మన ప్లేటు మారాలి, పక్క చానల్ లైవ్‌లోకి వెళ్లిందంటే లైవ్ పంపే మన ఓబీ వ్యాన్ ఎక్కడుందో రిపోర్టర్లతో సంబంధం నడిపే ఇన్‌పుట్ వాళ్లను అడగాలి. అప్పటి ఎడిటోరియల్ నిర్ణయాల్లో సగానికి సగం ఆ గోడను చూసి తీసుకున్నవే. ఎవరి చానల్ విధానం ఏదైనా తెర మీద కనిపించేది దాదాపు ఒకటే కావడానికి కారణం ఇదే.

దీనికి తోడు 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో ఆచూకీ లేకుండా పోయినప్పుడు చానళ్లు ఒక విషయం తెలుసుకున్నాయి. మర్నాడు ఉదయం వరకు చెప్పడానికి కొత్త సమాచారం దాదాపు ఏమీ లేదు. అయినా రాష్ట్రం రాత్రంతా తెర ముందు నుంచి కదలలేదు. సమాచారం లేకపోయినా ఎదురుచూపు ఉంటే చాలు, ప్రసారం నడుస్తుందని ఆ రాత్రి రుజువైంది. మూడు నెలలు కూడా గడవకుండానే వచ్చిన నిరాహార దీక్ష సరిగ్గా అలాంటి ఎదురుచూపు మీదే నిలబడే కార్యక్రమం. రోజులు లెక్కపెట్టవచ్చు, వైద్యుల బులెటిన్ కోసం కాచుకోవచ్చు, ఆస్పత్రి గేటు దగ్గర వ్యాన్ నిలబెట్టి ఉంచవచ్చు.

నవంబర్ 30: పండ్ల రసం

ఈ కేస్‌లో అన్నిటికంటే ఎక్కువసేపు నేను ఆగేది ఇక్కడే.

"తెలంగాణ వచ్చుడో, కేసీఆర్ సచ్చుడో" అన్న నినాదంతో బయలుదేరిన నాయకుణ్ని అరెస్టు చేసి ఖమ్మం తీసుకువెళ్లారు. మర్నాడు, నవంబర్ 30న, ఆయన పండ్ల రసం తీసుకుంటున్న దృశ్యాలు చానళ్లకు చేరాయి. ఏ పరిస్థితుల్లో ఆ రసం ఇచ్చారు, ఆయన ఏ మేరకు ఇష్టపడి తీసుకున్నారు అన్న విషయాలపై ఆనాడే పరస్పర విరుద్ధమైన కథనాలు వచ్చాయి. వాటిలో ఏది నిజమో తేల్చడం ఈ కేస్‌కు అవసరం లేదు. చానల్ పరంగా చూస్తే అందులో ఉన్నది కొన్ని సెకన్ల ముడి దృశ్యం. డెస్క్‌లో అలాంటి దృశ్యానికి జరిగే సంస్కారం అందరికీ తెలిసిందే: గ్లాసు పెదవులకు తగిలే క్షణాన్ని పట్టుకుని ముందూ వెనకా కత్తిరిస్తారు, వేగం తగ్గిస్తారు, లూప్‌లో వేస్తారు, కింద "దీక్ష విరమణ" అని ప్లేటు వేస్తారు. యాంకర్ ఏం మాట్లాడుతున్నా, ఫోనోలో, అంటే ఫోన్ మీద లైవ్‌లో, ఎవరున్నా, తెరలో సగభాగంలో ఆ గ్లాసు పైకి లేస్తూనే ఉంటుంది. ఒక్కసారి జరిగిన పని గంటలో పదులసార్లు జరిగినట్టు కనిపిస్తుంది.

దీక్ష ముగిసిందని జనం నమ్మితే ఉద్యమం చల్లబడుతుందని ఆశించినవారికి ఆ దృశ్యం వరంలా కనిపించి ఉండాలి. కథ పూర్తిగా ఎదురు తిరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఆ దృశ్యాన్ని ద్రోహంగా చూశారు, తమ నాయకుడి దిష్టిబొమ్మనే తగలబెట్టారు. ఆ దృశ్యాలు కూడా లైవ్‌లో వెళ్లాయి. డిసెంబర్ 1 నాటికి దీక్ష కొనసాగుతోందని కేసీఆర్ ప్రకటించారు. డిసెంబర్ 3న ఆయనను హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రికి తరలించారు. ఆ తర్వాత దీక్ష ఒక పార్టీ కార్యక్రమంగా మిగలలేదు, విద్యార్థుల నిఘాలో నడిచే కార్యక్రమం అయింది.

ఈ మలుపులో చానల్ ప్రభావం ఎవరి మీద పడిందో గమనించాలి. తెలంగాణ కావాలనుకున్న విద్యార్థి ఆ దృశ్యం చూసి వద్దనుకోలేదు. వద్దనుకున్నవాడు కావాలని అనుకోలేదు. అభిప్రాయాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మారింది నాయకుడికి ఉన్న వెసులుబాటు. పదేళ్ల కిందటైతే ఒక నిరాహార దీక్ష ఎప్పుడు, ఏ హామీ మీద, ఎవరి చేతి మీదుగా ముగియాలన్నది నాలుగు గోడల మధ్య మాట్లాడుకుని, మర్నాడు పత్రికలకు ప్రకటన ఇచ్చేవారు. ఆ మధ్యలో ఉండే రాత్రి చాలా విలువైనది, దానిని ఎన్నో ఉద్యమాలు, ఎన్నో ప్రభుత్వాలు వాడుకున్నాయి. లైవ్ వచ్చాక ఆ రాత్రి లేదు. నాయకుడు అనుచరులను చూస్తున్న తెరలోనే అనుచరులు నాయకుణ్ని చూస్తున్నారు, ఇద్దరికీ మధ్య ఆలస్యం కొన్ని క్షణాలే.

ఇదే వారంలో చానళ్లు చేసిన పనుల్లో సమర్థించుకోలేనిది ఒకటుంది. నవంబర్ 29న ఎల్బీ నగర్‌లో ఆత్మాహుతికి పాల్పడి డిసెంబర్ 3న మరణించిన శ్రీకాంతాచారి దృశ్యాలను తెర మీద పదేపదే చూపారు. ఆ తర్వాత ప్రతి ఆత్మహత్యకూ "మరో బలిదానం" అన్న మాట స్క్రోలింగ్‌లో స్థిరపడింది. చావుకు కీర్తి తొడిగే పదాన్ని డెస్క్ అలవాటుగా వాడినప్పుడు, పల్లెలో ఒంటరిగా కూర్చుని ఆ తెర చూస్తున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అది ఎలా వినిపిస్తుందన్న ప్రశ్న ఆ రోజుల్లో చానళ్ల సమావేశాల్లో రావలసినంతగా రాలేదు. జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ 2008లోనే ఏర్పడింది. దాని మార్గదర్శకాలు డెస్క్ గోడ మీది మానిటర్లంత దగ్గరగా మాకు ఎప్పుడూ లేవు.

డిసెంబర్ 9 రాత్రి, ఆ తర్వాతి ఉదయం

డిసెంబర్ 7న ముఖ్యమంత్రి కె. రోశయ్య అఖిలపక్ష సమావేశం పెట్టారు. తీర్మానం పెడితే మద్దతిస్తామని ప్రధాన ప్రతిపక్షం చెప్పింది, మిగిలిన పార్టీలూ దాదాపు అదే మాట అన్నాయి. డిసెంబర్ 10న చలో అసెంబ్లీకి పిలుపు ఉంది. అప్పటికి ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర, ఆర్ట్స్ కాలేజీ ముందు ఓబీ వ్యాన్లు రోజంతా నిలబడి ఉండేవి. తెలుగు చానళ్ల దృశ్యాలనే ఢిల్లీలోని ఇంగ్లిష్, హిందీ చానళ్లు తీసుకుని వేసేవి. అంటే హోం శాఖ కార్యాలయంలో కూర్చున్నవారికి రెండు రకాల సమాచారం అందుతోంది: ఒకటి నిఘా విభాగం నివేదిక, రెండు ఎదురుగా నడుస్తున్న తెర. వాటిలో దేని బరువు ఎంతో బయటివారు చెప్పలేరు. కానీ ఒక గేటు దగ్గరి బాష్పవాయువు పొగను నాలుగు కోణాల్లో, ఆరు చానళ్లలో, రోజంతా చూసినవారికి అది ఒక గేటు దగ్గరి పొగలా అనిపించదని ఆ దృశ్యాలను కత్తిరించినవాణ్నిగా చెప్పగలను.

డిసెంబర్ 9 రాత్రి పదకొండు దాటాక కేంద్ర హోం మంత్రి పి. చిదంబరం ప్రకటన వచ్చింది. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ ప్రారంభమవుతుందనీ, శాసనసభలో తగిన తీర్మానం ప్రవేశపెడతారనీ అందులోని సారాంశం. కేసీఆర్ దీక్ష ముగిసింది. ప్రక్రియ మొదలవుతుందనడానికీ రాష్ట్రం ఏర్పడిందనడానికీ ఉన్న దూరం ఎంతో తర్వాతి నాలుగున్నరేళ్లు చూపించాయి. ఆ రాత్రి తెర మీద మాత్రం ఆ దూరం ఒక్క ప్లేటు మార్పులో మాయమైంది. ఒక సగంలో క్యాంపస్‌లో సంబరాలు, రెండో సగంలో విజయవాడ, తిరుపతి, అనంతపురం నుంచి ఫోనోలు.

అక్కడి నుంచి మొదలైంది రాజీనామాల వరుస, నా దృష్టిలో ఈ కేస్‌లో అత్యంత బోధపరిచే ఘట్టం. కోస్తా, రాయలసీమ శాసనసభ్యులు ఒకరి తర్వాత ఒకరు, పార్టీలకు అతీతంగా, లేఖలు రాసి ముందుగా కెమెరాకు చూపారు. ఒక నియోజకవర్గం ఎమ్మెల్యే రాజీనామా స్క్రోలింగ్‌లో పడగానే పక్క నియోజకవర్గం ఎమ్మెల్యేకు ఇంటి ముందు జనం. మధ్యాహ్నానికి చానళ్లు సంఖ్యను క్రికెట్ స్కోరులా తెర మూలన వేయడం మొదలుపెట్టాయి. మూడు రోజుల ముందు అఖిలపక్షంలో తమ పార్టీ చెప్పిన మాట ఏమిటని అడిగే ప్రశ్నకు ఆ హడావిడిలో చోటే లేదు.

రాజ్యాంగంలోని 190వ అధికరణం ప్రకారం శాసనసభ్యుడి రాజీనామా స్వచ్ఛందమైనదనీ నిజమైనదనీ స్పీకర్‌కు నమ్మకం కలగాలి. కారణాలు, షరతులు, ఆవేదనలు లేకుండా ఒక్క వాక్యంలో రాసే లేఖనే మన రాజకీయ పరిభాషలో "స్పీకర్ ఫార్మాట్" అంటున్నాం. ఆ మాట సామాన్య జనం నోట పడింది ఈ కాలంలోనే. డిసెంబర్‌లో కెమెరా ముందు చదివిన లేఖలు ఆమోదం పొందలేదు. అందుకు భిన్నంగా 2010 ఫిబ్రవరిలో తెలంగాణకు చెందిన పన్నెండుమంది సభ్యులు ఇచ్చిన రాజీనామాలు ఆమోదం పొంది ఉప ఎన్నికలకు దారితీశాయి. రెండూ రాజీనామాలే. మొదటి రకం లేఖ చదివేది ప్రేక్షకుడు, రెండో రకం లేఖ చదివేది స్పీకర్. నాయకుడి మాట ఎవరిని ఉద్దేశించిందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక పరీక్ష నాకు దొరకలేదు. ఇప్పటికీ ఏ లేఖ డెస్క్‌కు వచ్చినా ముందుగా అది ఎవరి చిరునామాకు వెళ్లిందో, ఆ చేతికి అందిందో లేదో అడగమని సబ్ ఎడిటర్లకు చెప్తాను.

నాయకుల శరీర భాష కూడా తెరకు అనుగుణంగా మారిపోయింది. విజయవాడలో సమైక్యాంధ్ర కోసం దీక్ష చేస్తుండగా పోలీసులు ఆస్పత్రికి తరలించిన ఎంపీ లగడపాటి రాజగోపాల్, అక్కడి నుంచి వారి కళ్లుగప్పి హైదరాబాద్ చేరుకుని, ఏకంగా నిమ్స్‌లోకి పరుగున వచ్చి పడక మీద చేరిన దృశ్యం తెలుగు ప్రేక్షకులు ఈనాటికీ మరవలేదు. రెండు ప్రాంతాల దీక్షలకూ ఒకే ఆస్పత్రి వేదిక కావడంలో వైద్యపరమైన అవసరం కంటే కెమెరాలు అప్పటికే అక్కడ ఉండటం ముఖ్యమని అనుకోవడం అన్యాయం కాదేమో.

డిసెంబర్ 23న కేంద్రం రెండో ప్రకటన చేసింది: పరిస్థితి మారింది, విస్తృత సంప్రదింపులు అవసరం. మొదటి ప్రకటన డిసెంబర్ 7 అఖిలపక్షం మినిట్స్ ఆధారంగా చేసినదని చిదంబరం తర్వాత వివరించారు. అఖిలపక్షంలో చెప్పిన మాట తెర లేని గదిలో చెప్పినది, డిసెంబర్ 10 తర్వాతి మాట తెర ముందు చెప్పినది. ఒకే పార్టీ రెండు చోట్ల రెండు మాటలు చెప్పడం రాజకీయాల్లో కొత్త కాదు. రెండు మాటల మధ్య గడువు మూడు రోజులకు కుదించుకుపోవడం కొత్త. మర్నాడే, డిసెంబర్ 24న, ప్రొఫెసర్ కోదండరాం కన్వీనర్‌గా తెలంగాణ రాజకీయ జేఏసీ ఏర్పడింది.

గవర్నర్, ఆ తర్వాత జనవరి 7

డిసెంబర్ 25న ఏబీఎన్ ఆంధ్రజ్యోతి గవర్నర్ ఎన్.డి. తివారీకి సంబంధించినవని చెబుతూ కొన్ని దృశ్యాలు ప్రసారం చేసింది. హైకోర్టు ప్రసారాన్ని ఆపమంది. మర్నాడు ఆయన ఆరోగ్య కారణాలు చూపి రాజీనామా చేశారు. ప్రసారం ఆగినా దాని గురించిన చర్చ ఆగలేదు కనుక, కోర్టు ఉత్తర్వు దృశ్యాన్ని ఆపగలిగింది గానీ పరిణామాన్ని ఆపలేకపోయింది. ఈ ఘట్టం గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

జనవరి 7 వేరు. వై.ఎస్. మరణం వెనుక కుట్ర ఉందని, అందులో రిలయన్స్ అధిపతుల ప్రమేయం ఉందని, ఏ ఆధారమూ చూపకుండా ఒక విదేశీ వెబ్‌సైట్‌లో అంతకు నెలల ముందే వచ్చిన రాతను ఆ సాయంత్రం టీవీ5 వార్తగా ప్రసారం చేసింది. మరికొన్ని చానళ్లు అందుకున్నాయి. ఆ రాత్రి, మర్నాడు పలు జిల్లాల్లో రిలయన్స్ దుకాణాలు, పెట్రోల్ బంకుల మీద దాడులు జరిగాయి. ఆరోపణను రిలయన్స్ ఖండించింది. టీవీ5కు చెందిన ఇద్దరు జర్నలిస్టులను పోలీసులు అరెస్టు చేశారు.

ఆ రాత్రి ఒక ఆరోపణ ఎలా పెద్దదైందో మెట్టు మెట్టుగా విడదీసి చూపడం శిక్షణలో ఉపయోగపడుతుంది. మొదటి చానల్ "ఒక వెబ్‌సైట్ చెబుతోంది" అంటుంది. రెండో చానల్‌కు ఆ వెబ్‌సైట్ చదివే తీరిక లేదు, అది "కథనాలు వెలువడుతున్నాయి" అంటుంది. బహువచనం రాగానే ఒక మూలం పది మూలాలైనట్టు వినిపిస్తుంది. అప్పుడు ఫోనోలోకి ఒక నాయకుణ్ని తీసుకుంటారు. ఆయన చూసినది తెర మీద నడుస్తున్న ప్లేటునే, అయినా "విచారణ జరిపించాలి" అంటారు. ఇప్పుడు కొత్త ప్లేటు: ఫలానా నాయకుడు విచారణకు డిమాండ్. నాయకుడు ఆ మాట అన్నది నిజమే కనుక ఈ ప్లేటులో అబద్ధం లేదు. కానీ దాని కింద పునాదిగా ఉన్నది ఎవరూ పరీక్షించని ఒక పేజీ. చానల్ నాయకుణ్ని నమ్ముకుంది, నాయకుడు చానల్‌ను నమ్ముకున్నాడు, జనం ఇద్దరినీ నమ్ముకున్నారు. దాడులకు గురైన దుకాణాల్లో కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నది నెలజీతం మీద బతికే మన ఊరి పిల్లలే.

ఇక్కడ చానల్ జనాభిప్రాయాన్ని సృష్టించిందని అనవచ్చా? ప్రియతమ నాయకుడి ఆకస్మిక మరణాన్ని ప్రమాదంగా ఒప్పుకోలేని దుఃఖం సెప్టెంబర్ నుంచే జనంలో ఉంది. చానల్ ఆ దుఃఖానికి ఒక చిరునామా ఇచ్చింది, ఆ చిరునామా ప్రతి పట్టణంలోనూ బోర్డు కట్టుకుని ఉంది.

ఎనిమిదో అధ్యాయం

చానళ్ల గురించి పాలకులు ఏమనుకుంటారో సాధారణంగా ఊహించాలి. ఈ కేస్‌లో అది రాతపూర్వకంగా దొరుకుతుంది. 2010 ఫిబ్రవరిలో కేంద్రం తెలంగాణ అంశంపై జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన నియమించిన కమిటీ ఆ ఏడాది డిసెంబర్ 30న నివేదిక ఇచ్చింది. శాంతిభద్రతలకు సంబంధించిన ఎనిమిదో అధ్యాయాన్ని బయటపెట్టకుండా సీల్డ్ కవరులో హోం శాఖకు అందజేసింది. దానిని బహిరంగపరచాలని మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు వెళ్లారు. 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఇచ్చిన తీర్పు పాఠంలోనే ఆ అధ్యాయంలోని భాగాలు జనానికి తెలిశాయి.

అందులో మీడియాను ఎలా నిర్వహించాలన్న చర్చ ఉంది. రాష్ట్రంలో సుమారు 13 ఎలక్ట్రానిక్ చానళ్లు, ఐదు ప్రధాన స్థానిక పత్రికలు జనాభిప్రాయాన్ని మలుస్తున్నాయనీ, రాజ్ న్యూస్, హెచ్‌ఎంటీవీ మినహా మిగిలిన చానళ్లు సీమాంధ్రుల యాజమాన్యంలో లేదా వారి మద్దతుతో ఉన్నాయనీ, వారు కలిసికట్టుగా పనిచేస్తే సామాన్యుడి ఆలోచనను మలచగలరనీ, పత్రికలు ప్రభుత్వ ప్రకటనల మీద ఎక్కువగా ఆధారపడతాయి కనుక జాగ్రత్తగా వాడుకుంటే పనికి వస్తాయనీ దాని సారాంశం. తటస్థంగా వినవలసిన కమిటీ రహస్య పత్రంలో ఇలాంటి సూచన ఉండటం ఎంత అభ్యంతరకరమో న్యాయస్థానం చెప్పింది, నేను మళ్లీ చెప్పనక్కరలేదు. వృత్తిపరంగా నన్ను ఆశ్చర్యపరిచేది ఆ అంచనాలోని పొరపాటు.

ఆ పత్రం రాసే సమయానికే దానికి విరుద్ధమైన సాక్ష్యం బ్యాలెట్‌లో వచ్చేసింది. 2010 జూలై ఉప ఎన్నికల్లో ఆ పన్నెండు స్థానాల్లో టీఆర్ఎస్ పదకొండు గెలిచింది. నిజామాబాద్ అర్బన్‌లో ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడు డి. శ్రీనివాస్‌ను బీజేపీ అభ్యర్థి యెండల లక్ష్మీనారాయణ ఓడించారు. పదమూడింటిలో పదకొండు చానళ్లు ఒక వైపు ఉన్నాయన్న లెక్కే నిజమైతే, ఆ పదకొండూ కలిసి ఒక్క నియోజకవర్గాన్ని కూడా కదిలించలేకపోయాయి. యాజమాన్యానికి ప్రభావం లేదని కాదు: చర్చకు ఎవరిని పిలవాలి, ఎవరి మాట మధ్యలో కత్తిరించాలి, ఎవరి యాసను ఎగతాళి పాత్రకు అంటగట్టాలి అన్న విషయాల్లో అది తప్పక కనిపిస్తుంది, తెలంగాణ ప్రేక్షకుడు ఆ తేడాను గమనించాడు కూడా. గమనించినవాడు ఆ చానల్ చూడటం మానలేదు. చూస్తూనే నమ్మడం మానేశాడు. పొద్దున లేచి తమకు నచ్చని చానల్ పెట్టుకుని "ఇవాళ ఏం కప్పిపుచ్చుతున్నాడో చూద్దాం" అనే ప్రేక్షకుడి రకం ఆ రోజుల్లోనే పుట్టింది. రేటింగు మీటరుకు అతను కూడా ప్రేక్షకుడే.

యాజమాన్యమే అభిప్రాయమన్న నమ్మకాన్ని మాత్రం నాయకులు వదల్లేదు. 2011లో టీఆర్ఎస్ పక్షాన టీ న్యూస్ వచ్చింది. రాష్ట్రం విడిపోయాక చూపు చానల్ మీద నుంచి తీగ మీదికి మళ్లింది: 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్ నుంచి మాయమయ్యాయి, 2016 జూన్‌లో ముద్రగడ పద్మనాభం దీక్ష సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టీవీ ఆగిపోయింది, ఆ తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా చానళ్ల పేర్లు మారుతూ అదే తంతు. ప్రతిసారీ ఎంఎస్‌వోలు సాంకేతిక లేదా వ్యాపార కారణాలు చెప్పారు, ప్రభుత్వాలు తమకు సంబంధం లేదన్నాయి.

విశ్లేషణకు హద్దులు

ఈ ఉద్యమానికి 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 విద్యార్థి పోరాటం, 2001లో టీఆర్ఎస్ పుట్టుక వంటి పొడవైన చరిత్ర ఉంది, దానిని చానళ్ల కథగా కుదించడం అవివేకం. చలో అసెంబ్లీ పిలుపు తెర లేకపోయినా ప్రభుత్వాన్ని కలవరపెట్టేదే. పైగా అప్పటి చానళ్ల దృశ్యభాండారాలు చాలావరకు చెదిరిపోయాయి. లూప్‌లో ఏది ఎన్నిసార్లు వెళ్లిందో ఇప్పుడు లెక్కపెట్టి నిరూపించే వీలు దాదాపు లేదు. నా పరిశీలన డెస్క్ వైపు నుంచి చేసినది, ప్రేక్షకుడి ఇంట్లో కూర్చుని చేసినది కాదు.

డెస్క్‌లో అమలు

ఈ కేస్ నుంచి శిక్షణలోకి తీసుకున్న నియమాలు కొన్నే. ఒకే మూలం ఉన్న ఆరోపణకు "కథనాలు" అన్న బహువచనం వాడకూడదు, ఆ మూలం పేరు ప్లేటులో ఉండాలి. ఫోనోలోకి వచ్చిన నాయకుణ్ని ముందుగా ఆయనకు ఈ విషయం ఎలా తెలిసిందో అడగాలి. "మీ చానల్‌లోనే చూశాను" అన్న జవాబు వస్తే ఆ బైట్‌ను, అంటే ఆయన మాటల ముక్కను, స్పందనగా వేయకూడదు. ఆత్మహత్యకు "బలిదానం" అనకూడదు, దృశ్యం అసలే వేయకూడదు.

అన్నిటికంటే ఎక్కువ ప్రతిఘటన వచ్చింది లూప్ మీద పెట్టిన నియమానికి. గంట దాటిన దృశ్యాన్ని మళ్లీ వేసినప్పుడు అది ఏ తేదీన, ఏ సమయానికి, ఎక్కడ తీసినదో తెర మీద ఉండాలి అన్నాం. తాజా వార్తలా కనిపించదని మార్కెటింగ్ వారు, పక్క చానల్ వేయడం లేదని షిఫ్ట్ ఇన్‌చార్జులు అభ్యంతరపెట్టారు. రాతపూర్వక నియమంగా ఉన్నన్నాళ్లు అది హడావిడి లేని రోజుల్లో మాత్రమే అమలైంది. చివరికి గ్రాఫిక్స్ విభాగంతో మాట్లాడి తేదీ, సమయం పట్టీని టెంప్లేట్‌లోనే పెట్టించాం. ఇప్పుడు దానిని తీసేయాలంటే ఎవరో ఒకరు పూనుకుని తీయాలి, తీసినవారి లాగిన్ సర్వర్‌లో నమోదవుతుంది.